దెయ్యాలకు ర్యాంకులు ఇచ్చే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ‘నా పది ఉత్తమ హారర్ చిత్రాలు’ వ్యాసం చదివాను. మొదటిసారి నీ జాబితాతో పోట్లాడుతూ చదివాను, రెండోసారి నీ వాక్యాలతో. జాబితా మీద నా అభ్యంతరాలు నీకు పెద్దగా పనికిరావు, అవి నా అభిరుచికి సంబంధించినవి. వాక్యాల సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను.

‘రాత్రి’ వెన్నులో వణుకు పుట్టిస్తుందన్నావు. ‘అరుంధతి’ కూడా వెన్నులో వణుకు పుట్టిస్తుందట. ‘ది ఎక్సార్సిస్ట్’కు వచ్చేసరికి వణుకుతో పాటు ఒళ్ళు కూడా గగుర్పొడిచింది. అన్నింటికీ అదే వణుకైతే ఒకటో స్థానం, పదో స్థానం ఎక్కడి నుంచి వచ్చాయి? చదివేవాడికి నీ తీర్పు తెలిసింది, సాక్ష్యం అందలేదు. సాక్ష్యం లేని తీర్పుకు అవుననో కాదనో అనగలం, అంతకుమించి మాట సాగదు. హారర్ అభిమానులు జాబితాలు రాసుకునేదే వాదించుకోవడానికి కదా! నిన్ను ఎక్కడ పట్టుకుని నిలదీయాలో నువ్వే వాళ్ళకు చూపించాలి. జాబితాలోని ప్రతి సినిమాలోనూ నువ్వు ఎక్కడ భయపడ్డావో రాయి. ఏ షాట్ దగ్గర, ఏ చప్పుడుకు, తెర మీద ఏమి కనిపిస్తున్నప్పుడు, ఏమి కనిపించనప్పుడు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇక మీదట రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నీ మూడో సినిమా ‘సైకో’నే తీసుకుందాం. ‘స్నానాల గది సన్నివేశం చరిత్రలో నిలిచిపోయింది’ అని రాసి ముందుకు వెళ్ళిపోయావు. అది నిలిచిపోయిందని 1960 నుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. నువ్వు కొత్తగా చెప్పగలిగేది ఏమిటో తెలియాలంటే ఆ సన్నివేశాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడు. చెయ్యి, తెరిచిన నోరు, పరదా, పలకల మీద జారే నీళ్ళు, పైకి లేచిన కత్తి, మళ్ళీ నోరు. కత్తి ఒంట్లో దిగడం దాదాపు ఎక్కడా కనిపించదు. ఇప్పుడు శబ్దం పెట్టి చూడు. ఆ వయొలిన్లు కీచుమన్న ప్రతిసారీ ఒక పోటు పడినట్టే ఉంటుంది. మనం చూశామని ప్రమాణం చేసి చెప్పే పోట్లలో చాలావరకు మన చెవులు కల్పించుకున్నవే. హిచ్‌కాక్ మొదట ఈ సన్నివేశానికి సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట పక్కనపెట్టి స్వరం కట్టి వినిపించాడు, దర్శకుడు మనసు మార్చుకున్నాడు. సినిమా మొత్తానికి హెర్మన్ వాడింది తీగ వాద్యాలు మాత్రమే. బూరలు లేవు, డప్పులు లేవు.

నువ్వు ఇంత రాశావనుకో, ఎదుటి అభిమాని అప్పుడు నోరు విప్పుతాడు. ‘సంగీతం తీసేస్తే సగం బలం పోయే సన్నివేశానికి మూడో స్థానం ఎందుకు?’ అంటాడు. చక్కటి ప్రశ్న. ‘సినిమా అంటేనే బొమ్మ, చప్పుడు కలిసినది కదా’ అని నువ్వు అంటావు. అతను మరో ఉదాహరణ తీస్తాడు. అలా ఒక సాయంత్రం గడిచిపోతుంది. ‘చరిత్రలో నిలిచిపోయింది’ అన్న వాక్యంతో అయిదు నిమిషాలు కూడా గడవవు.

కొలబద్ద గురించి రెండు మాటలు. నీ పది సినిమాలను నువ్వు దేనితో కొలిచావో వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. మన లాక్షణికులు భయానకాన్నీ బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా పెట్టారు. ఒకదానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, భయం; రెండోదానికి జుగుప్స. హారర్ అభిమానుల గొడవల్లో సగం ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం వల్ల వచ్చేవే. జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’లో ఒళ్ళు చీలి బయటపడే ఆ ఆకారాలు జుగుప్స కలిగిస్తాయి. అదే సినిమాలో, మంచు మధ్య చిక్కుకుపోయిన ఆ మగవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే మౌనాలు భయం కలిగిస్తాయి. నువ్వు ఆ సినిమాను ఏడో స్థానంలో ఎందుకు పెట్టావు, ఒళ్ళు చీలినందుకా, అనుమానానికా? నాకైతే అనుమానానికే మార్కులు. నువ్వు వేరేగా అనుకోవచ్చు, కానీ ఆ మాట రాయాలి.

‘అరుంధతి’ దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. 2009 సంక్రాంతి రోజుల్లో వచ్చిన ఆ సినిమాను తెలుగు హారర్‌లో ఒకటో స్థానంలో పెట్టేవాళ్ళు ఇప్పటికీ కోకొల్లలు, నువ్వూ అందులో ఒకడివి. నిజం చెప్పు, జేజమ్మ ఎదురు తిరిగినప్పుడు హాల్లో ఈలలు వేసింది భయంతోనా? అది వీరం. గద్వాల సంస్థానం, ఆ కోట, ఎముకలతో చేసిన ఆయుధం, ఇదంతా అద్భుతం. (కథ గద్వాలలో జరిగినా, మనం తెర మీద చూసిన బంగ్లా బనగానపల్లెలో ఉంది. ఇప్పటికీ జనం దాన్ని అరుంధతి బంగ్లా అనే పిలుస్తారు.) మరి భయం ఎక్కడుంది? నా చెవులకు అది పశుపతి గొంతులో ఉంది. తెర మీద ముఖం సోనూ సూద్‌ది, గొంతు పి. రవిశంకర్‌ది. ‘వదల బొమ్మాళీ’ అన్న ఆ మాటలో కోరిక, పగ, చావు కలగలిసి ఉంటాయి. తర్వాత జనం దాన్ని ఎంతగా వాడుకున్నారంటే, ఇవాళ పసిపిల్లలు కూడా దాన్ని ఆటపట్టించడానికే అంటారు. ఒకప్పుడు వణికించి ఇప్పుడు నవ్వించే మాటకు ఎన్ని మార్కులు వేయాలి? నా మటుకు నేను తగ్గించను. మొదటిసారి వినడానికీ, వెయ్యోసారి వినడానికీ మధ్య తేడా ఉంది. ర్యాంకు ఇచ్చేవాడు తాను ఏ వినికిడికి మార్కులు వేస్తున్నాడో చెప్పాలి.

నా జాబితాలో ‘రాత్రి’ దానికంటే పైన ఉంటుంది. 1992లో రామ్ గోపాల్ వర్మ తెలుగు, హిందీ భాషల్లో తీసిన ఆ సినిమాలో నన్ను భయపెట్టింది పిల్లి. కారు కింద పడి చచ్చిన పిల్లిపిల్లను ఇంట్లోవాళ్ళు పాతిపెడతారు. తర్వాత చూస్తే అచ్చం అలాంటి పిల్లిపిల్లే పిల్లవాడి చేతిలో ఉంటుంది. అంతే. ఎవరూ అరవరు, ఎవరూ పరుగెత్తరు. ఇల్లు మామూలు ఇల్లు, కుటుంబం మన వీధిలోని కుటుంబం లాంటిదే, రేవతి మన పక్కింటి అమ్మాయిలాగే ఉంటుంది. మణిశర్మ నేపథ్య సంగీతం కూడా చాలాసేపు వెనక్కి తగ్గి, అదను చూసి ముందుకు వస్తుంది. ఆ ఇంటి గతాన్ని మాటల్లో విప్పి చెప్పడం మొదలుపెట్టాక పట్టు సడలుతుందని నా ఫిర్యాదు. దెయ్యానికి కారణం తెలిసిపోతే సగం దెయ్యం పోయినట్టే. ‘అరుంధతి’ అభిమానులు ఇక్కడే నన్ను పట్టుకుంటారు. ‘మా సినిమా చివరిదాకా బిగువుగా ఉంటుంది, మీ సినిమా సగంలో సడలుతుందని మీరే అంటున్నారు’ అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా నా స్థానం మార్చను. సగం సినిమాలో ఇచ్చిన భయం పూర్తి సినిమాలో ఇచ్చిన వినోదం కంటే నాకు ఎక్కువ.

అభిమానం అడ్డు వచ్చే చోటు కూడా దాచుకోవద్దు. ‘చంద్రముఖి’ని రెండో స్థానంలో పెట్టావు. ఆ కథ మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’. నాట్యగత్తె నాగవల్లి ఆవహించినట్టు మారిపోయే భార్య పాత్ర శోభనకు జాతీయ పురస్కారం తెచ్చింది. ఆ కథనే 2004లో కన్నడంలో పి. వాసు ‘ఆప్తమిత్ర’గా తీశాడు, మరుసటి ఏడాది రజనీకాంత్‌తో ‘చంద్రముఖి’గా తీశాడు. మూడింటిలోనూ భార్య ఒంటి చేత్తో మంచం ఎత్తేసే సన్నివేశం ఉంటుంది. మూడూ వరసగా చూసి, ఎవరి కళ్ళు ముందు మారాయో, గొంతు ఎప్పుడు మారిందో రాస్తే అదొక మంచి వ్యాసమవుతుంది. కానీ కన్నడ సినిమా చూస్తున్నప్పుడు మనకు మరొకటి అడ్డు వస్తుంది. అందులో ఆ పాత్ర వేసింది సౌందర్య. 2004 ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో ఆమె పోయింది, ఆగస్టులో ఆ సినిమా వచ్చింది. తెలుగు ప్రేక్షకుడు ఆ ముఖాన్ని నాగవల్లిగా మాత్రమే చూడలేడు. ఆ దుఃఖం ర్యాంకులోకి వస్తుంది. రానివ్వు, వచ్చిందని చెప్పు. దాచి పెట్టి ‘నటనాపరంగా ఇదే ఉత్తమం’ అని రాస్తేనే తప్పు.

ఇక ఈ సినిమా అసలు హారరేనా అన్న పాత తగాదా. చివరికి కథలోని మానసిక వైద్యుడు, ఇది దెయ్యం కాదు, జబ్బు అంటాడు. దాంతో దీన్ని జాబితాలోంచే కొట్టేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. వివరణ చివర్లో వచ్చింది, భయం అంతకు ముందే వచ్చి వెళ్ళిపోయింది. అయితే గీత ఎక్కడో ఒకచోట గీయాలి. ‘ప్రేమకథా చిత్రమ్’ తర్వాత తెలుగులో దెయ్యాలు నవ్వించే పనిలో పడ్డాయి. ‘ఆనందో బ్రహ్మ’ దాన్ని తిరగేసి, మనుషులను చూసి దెయ్యాలు బెంబేలెత్తేలా చేసింది. ఇవి నాకు ఇష్టమే, కానీ వీటికి వేరే జాబితా పెట్టు. నవ్వుకూ భయానికీ కలిపి మార్కులు వేస్తే రెండింటికీ అన్యాయం.

తొమ్మిదో స్థానంలోని ‘నోస్ఫెరాటు’ గురించి అడగాలి. 1922 నాటి మూకీ, మహా దృశ్యకావ్యం అని ఒక్క వాక్యం రాశావు. నువ్వు ఆ సినిమా చూడలేదు, అవునా? చూసి ఉంటే మెట్లు ఎక్కే ఆ నీడ గురించి రాసేవాడివి. మనిషి ఉండడు, గోడ మీద వంగిన వీపు, పొడుగాటి గోళ్ళు పైకి సాగుతుంటాయి. బ్రామ్ స్టోకర్ భార్య ‘డ్రాక్యులా’ హక్కుల కోసం దావా వేస్తే, ఆ సినిమా ప్రతులన్నీ నాశనం చేయాలని జర్మనీ కోర్టు తీర్పు ఇచ్చింది. కొన్ని ప్రతులు తప్పించుకున్నాయి కాబట్టే ఇవాళ మనం దాని ర్యాంకు గురించి కొట్టుకుంటున్నాం. అలా బతికి బట్టకట్టిన సినిమాను చూడకుండా జాబితాలో వేయడం ఏమి మర్యాద? పెద్దవాళ్ళు మెచ్చుకుంటారని పాత పేర్లు చేర్చకు. చూసినవి ఆరే అయితే ఆరే రాయి. పది అనే అంకెకు మహిమ ఏమీ లేదు. నాలుగో సినిమా అయిదోదాని కంటే ఎందుకు పైన ఉందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ రెండు అంకెలూ తీసేయి.

విడుదలనాటి మాటలను కూడా సాక్ష్యంగా తేవద్దు. నీ వ్యాసంలో రెండు చోట్ల ‘ఆ రోజుల్లో ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు’ అని ఉంది. ‘ది థింగ్’ 1982లో వచ్చినప్పుడు విమర్శకులు దాన్ని ఉతికి ఆరేశారు. అంతకు రెండు వారాల ముందే మనసున్న గ్రహాంతరవాసితో స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చింది. ఈ రాక్షసిని ఆదరించే ఓపిక జనానికి లేకపోయింది. ఇప్పుడు అది లేని జాబితా అరుదు. 2018లో ‘హెరిడిటరీ’ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, అమెరికా హాళ్ళలో సినిమాస్కోర్ సంస్థ ప్రేక్షకులను అడిగితే డి ప్లస్ అనే తక్కువ గ్రేడు ఇచ్చారు. ప్రచారం సంగతి ఇక చెప్పనక్కరలేదు. 2008లో ‘ఫూంక్’ను హాల్లో ఒంటరిగా కూర్చుని చూస్తే అయిదు లక్షలు ఇస్తానని వర్మ సవాలు విసిరాడు. సినిమా కంటే ఆ సవాలే ఎక్కువ మందికి గుర్తుంది.

అన్నట్టు, నువ్వు ఎలా చూశావన్నది కూడా రాయి. నిండు హాల్లో ముందు వరస అమ్మాయి కేక వేస్తే ఉలిక్కిపడటం వేరు, అర్ధరాత్రి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో చూడటం వేరు. ఒకే సినిమాకు ఇద్దరు అభిమానులు ఇచ్చే స్థానాల్లో తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది, అభిరుచిలో కాదు.

వాదం ఎలా నడపాలని అడిగావు. ఎదుటివాడి సినిమాను మళ్ళీ ఒకసారి చూసి మాట్లాడు, అంతకంటే పెద్ద ఆయుధం లేదు. ‘మసూద’ను ‘విరూపాక్ష’ కంటే పైన పెట్టిన మీ స్నేహితుణ్ణి ‘టేస్టు లేదు’ అన్నావట. అతని వైపు నుంచి చూడు. ‘మసూద’లో భయం పక్క ఫ్లాట్ నుంచి వస్తుంది. కూతురితో ఒంటరిగా ఉంటున్న టీచరు తలుపు తడితే, నీడకు కూడా జంకే కుర్రాడు గోపి సాయానికి వెళ్ళాలి. అంత పిరికివాణ్ణి ముందు నిలబెట్టడమే ఆ సినిమా బలం. ‘విరూపాక్ష’లో అష్టదిగ్బంధనం చేసి ఊరి దారులన్నీ మూసేస్తారు, లోపల ఒకరి తర్వాత ఒకరు చస్తుంటారు. ఒకటి పక్కింటి భయం, రెండోది పారిపోయే దారి లేని భయం. అద్దె ఇంట్లో ఉంటున్న మీ స్నేహితుడికి మొదటిది ఎక్కువ తగిలిందేమో అడిగావా? అడిగి, అతని జవాబు కూడా నీ వ్యాసంలో పెట్టు. నీతో విభేదించే గొంతు వ్యాసంలో ఉంటే చదివేవాళ్ళు నిన్ను ఎక్కువ నమ్ముతారు. కథ చివరి మలుపు మాత్రం ఎక్కడా బయటపెట్టకు. మొదటి భయం ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని పాఠకుడి దగ్గర లాక్కోకూడదు.

వ్యాసం ఆరు సినిమాలకు కుదించి, మొదటి పేరా పూర్తిగా కొట్టేసి మళ్ళీ పంపు. ‘చంద్రముఖి’ని రెండో స్థానంలోనే ఉంచి తీరతానంటే ఉంచు. జ్యోతిక మంచం ఎత్తే ఆ అరనిమిషాన్ని ఒక పూర్తి పేరాలో రాయి. నేను అప్పుడూ ఒప్పుకోను, కానీ సంపాదకుడికి వేసుకోమని చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య