రచనే వృత్తి అనుకుంటే ముందు ఒప్పంద పత్రం చదవాలి

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. మూడు కథలు వారపత్రికల్లో వచ్చాయి, ఇప్పుడు నవల పూర్తిచేసింది. 60,000 రూపాయలు కడితే 300 ప్రతులు వేసి, 200 రూపాయల వెల పెట్టి, 10 శాతం రాయల్టీ ఇస్తామని ఒక ప్రచురణ సంస్థ ఒప్పంద పత్రం పంపింది. చదువు మానేసి పూర్తికాలం రచయిత్రినవుతానని అమ్మాయి పట్టుబడుతోంది. ఏం చేయమంటారు?
ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీరు జతచేసిన పత్రాన్ని రెండుసార్లు చదివాను. చదువు సంగతి కన్నా ముందు తేల్చవలసింది అదే. 60,000 రూపాయలను 300 ప్రతులకు పంచి చూడండి: ప్రతికి 200 రూపాయలు, అంటే నవల పూర్తి వెల. అచ్చుకు వెళ్లకముందే పుస్తకాలన్నింటినీ మీరే కొనేసినట్టు లెక్క, అయినా ప్రతులు మాత్రం సంస్థ దగ్గరే ఉంటాయి. చివరి ప్రతి వరకూ అమ్ముడుపోయినా అమ్మాయికి వచ్చేది 6,000 రూపాయలు. పైగా ఖర్చుల పట్టికలో ఐఎస్‌బిఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) రుసుము కూడా వేశారు. ఆ సంఖ్యను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే కేటాయిస్తుంది, సొంతంగా ప్రచురించుకునే రచయితలూ దరఖాస్తు చేసుకోవచ్చు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘సర్వహక్కులు శాశ్వతంగా సంస్థకే చెందుతాయి’ అన్న నిబంధన. ఆ ఒక్క వాక్యంలో అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ కొట్టుకుపోతాయి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు పేర్కొనకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. కానీ ‘శాశ్వతంగా’ అని స్పష్టంగా రాసి సంతకం చేశాక ఆ ఐదేళ్ల రక్షణ అక్కరకు రాదు. సాహిత్య రచనపై కాపీరైటు రచయిత జీవితకాలమే కాక ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది కనుక, మీ అమ్మాయి వదులుకుంటున్నది తన పిల్లలకు సైతం అందవలసిన ఆస్తి. తెలుగు ముద్రణ హక్కును మాత్రమే మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తామనీ, ఏటా అమ్మకాల లెక్క చూపాలనీ, ప్రతులు అయిపోయాక ఆరు నెలల్లో మళ్లీ వేయకపోతే హక్కు వెనక్కి రావాలనీ మార్చి తిప్పి పంపండి. అమ్మాయి మేజరు కాబట్టి సంతకం తనదే. ప్రతి నిబంధననూ తనే చదివి మీకు వివరించేలా చూడండి.

సొంత ఖర్చుతో అచ్చువేసుకోవడం తెలుగులో తప్పూ కాదు, కొత్తా కాదు. అలాగైతే ముద్రాపకుడికే నేరుగా డబ్బు చెల్లించి, ప్రతులూ హక్కులూ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. దుకాణాలకిచ్చే కమిషన్, వాటి నుంచి రావలసిన బాకీల వసూలు మాత్రం మీ నెత్తినే పడతాయి.

ఇక చదువు. చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా, బుచ్చిబాబు ఆకాశవాణిలో, రావిశాస్త్రి న్యాయవాదిగా పనిచేస్తూనే రాశారు. (కోర్టు వరండాలు లేకపోతే రావిశాస్త్రి కథలు ఎక్కడివని నాకు అనిపిస్తుంది.) కేంద్ర సాహిత్య అకాడమీ 35 ఏళ్లలోపు రచయితలకిచ్చే యువ పురస్కారం నగదు 50,000 రూపాయలు, గౌరవం గొప్పదే కానీ దానితో ఇల్లు గడవదు. నగరంలో పత్రికల డెస్కులు, అనువాదం, ప్రకటనలు, డబ్బింగ్ మాటల వంటి పనులు దొరుకుతాయి, అయితే పగలంతా ఇతరుల కోసం రాసినవారికి రాత్రి సొంత వాక్యం రాయబుద్ధి కాకపోవడం నేను చాలామందిలో చూశాను. లెక్కల ఉద్యోగంలో ఆ బెడద తక్కువ. అందుకే బి.కాం. పూర్తిచేయించమంటాను, రాయల్టీ లెక్క అడగడానికి అది ఎలాగూ పనికొస్తుంది.

సంస్థ మార్పులకు ఒప్పుకోకపోతే తొందరపడవద్దు. డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గర పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు ఇద్దరూ వెళ్లి, కొత్తవారి నవలలను తమ ఖర్చుతో వేస్తున్న ప్రచురణకర్తలెవరో స్టాళ్లలో అడిగి తెలుసుకుని, రాతప్రతిని వారికి పంపండి.