చలి ఉదయాన పాత డీజిల్ కారు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత డీజిల్ కారు కొన్నావని, ఈ చలికాలమంతా దానిలోనే ఉద్యోగానికి వెళ్తావని మీ అమ్మ చెప్పగానే ముచ్చట వేసింది, వెంటనే గుండె గుభేలుమంది.

బ్యాటరీని ముందే పరీక్ష చేయించు, చలికి దాని సత్తువ బాగా తగ్గిపోతుంది. చలికాలపు డీజిల్ పోయించు, లేకపోతే అందులోని మైనం పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. మూసిన గ్యారేజీలో ఇంజను నడపవద్దు.

అసలు సంగతి గ్లో ప్లగ్గులది, అంటే ఒక్కో సిలిండరులో ఉండి కరెంటుతో కాగే చిన్న కడ్డీలది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని సుమారు 20వ వంతుకు కుదించినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి, కానీ చల్లబడిన లోహం ఆ వేడిని తాగేస్తుంది కనుక ప్లగ్గులు ముందుగా కాగాలి. తాళం తిప్పాక వెలిగే చుట్టల గుర్తు దీపం ఆరేదాకా ఆగి, క్లచ్ తొక్కి స్టార్ట్ చెయ్యి. 10 సెకన్లలో అందుకోకపోతే స్టార్టరుకు ఒక నిమిషం విశ్రాంతినిచ్చి, మళ్లీ దీపం దగ్గరనుంచి మొదలుపెట్టు.

నీ వయసులో నాకు ఆ ఓపిక లేదు. నాలుగు ప్లగ్గుల్లో రెండు కాలిపోయాయని తెలిసి కూడా, రేపు చూద్దాంలే అని నెల రోజులు గడిపాను. ఒక తెల్లవారుజామున కారు ఎంతకీ అందుకోకపోతే, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, మిగిలిన రెండు ప్లగ్గులూ ఎర్రగా కాగి ఉండగానే గాలి గొట్టంలోకి ఈథర్ స్ప్రే, అంటే ఇట్టే అంటుకునే ద్రవం, కొట్టాను. పిస్టన్ ఇంకా పైకి చేరకముందే ఆ ఈథర్ భగ్గుమని అంటుకుంది. బానెట్ కింద సమ్మెట దెబ్బ పడ్డట్టు శబ్దం వచ్చింది. తర్వాత ఇంజను మూడు సిలిండర్లతో కుంటుతూ, తెల్లటి పొగ కక్కుతూ తిరిగింది. విప్పి చూస్తే పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరిగి ఉంది. మెకానిక్ నా అరచేతిలో పెట్టిన ఆ ముక్క చింతగింజంత కూడా లేదు. ఆ పూట పక్క సీటులో పరీక్షకు బయల్దేరిన మీ అమ్మ కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట అనకుండా, పుస్తకం ఒళ్లోంచి తీసుకుని, మంచులో నడుచుకుంటూ వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

నువ్వు మొండిదానివి, అందులో నా పోలికే. అందుకే చెబుతున్నాను, ఆ ఈథర్ డబ్బా కారులో ఉంటే ఇవాళే తీసి పారెయ్యి.

ఈ ఉత్తరంతో విద్యుత్ నిరోధాన్ని కొలిచే నా మల్టీమీటరు పంపుతున్నాను. ఒక్కో ప్లగ్గుకూ తీగ విప్పి కొలువు. ఒక ఓమ్‌కు అటూఇటూగా చూపిస్తే ఫరవాలేదు, ముల్లు అసలు కదలకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. ఈ ఆదివారమే చూసి, నాలుగు అంకెలూ నాకు ఫోనులో చదివి వినిపించు తల్లీ.

మీ మామయ్య