కామర్సు చదువుతూ పారా లీగల్ శిక్షణ: మేనకోడలికి ఒక లేఖ

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నెల్లూరులో బీకాంలో చేరావని, దానితోపాటు పారా లీగల్ కోర్సు, అంటే న్యాయవాదులకు కాగితాల పనిలో సాయపడే శిక్షణ, కూడా చేస్తే ఉపయోగమా, లేక రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుందా అని అడుగుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తప్పకుండా చెయ్యమనే నా సలహా. అయితే బీకాంను అసలు చదువుగా ఉంచుకుని, చట్టాన్ని ఆ లెక్కలను కాపాడే విద్యగా నేర్చుకో. ఎందుకు ఇలా అంటున్నానో నా అనుభవంతోనే చెబుతాను.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాశాను. ఒక కొనుగోలుదారు పేరున మా లెడ్జరులో నాలుగు లక్షల ఇరవై వేల రూపాయల బాకీ నిలిచి ఉండేది. ఏటా మార్చి 31న ఆ అంకెను జాగ్రత్తగా కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసేవాణ్ణి. చివరికి దావా వేద్దామని న్యాయవాది దగ్గరకు వెళితే, ఆయన లెడ్జరును పక్కన పెట్టి, ‘బాకీ ఉన్నట్టు అతను సంతకం చేసిన కాగితం ఏదైనా ఉందా?’ అని అడిగారు. అలాంటి కాగితం మా దగ్గర లేదు. సరుకు పంపి అప్పటికి మూడేళ్ల నాలుగు నెలలు దాటింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆ బాకీకి దావా వేసే గడువు మూడేళ్లే కనుక, సొమ్ము పోయింది. ఆ గడువు ముగియక ముందే బాకీ నిర్ధారణ పత్రం మీద అతని సంతకం తీసుకుని ఉంటే, ఆ సంతకం పెట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వచ్చేవి. ఆడిటరు కోసం తీసుకునే పత్రమే కోర్టులో బాకీ ఒప్పుకోలుగా నిలబడుతుందని నాకు ఆ రోజు వరకూ తెలియదు. గడువు సంగతీ, సంతకం సంగతీ రెండూ నీకు ఇరవై ఏళ్ల వయసుకే తెలియాలని నా కోరిక.

రెండు కోర్సులు ఒకేసారి చదవడానికి అడ్డంకి లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజూ కాలేజీకి వెళ్లి ఒక కోర్సు చదువుతూ దూరవిద్యలో మరొకటి చదవవచ్చు. ఇగ్నో అనే దూరవిద్యా విశ్వవిద్యాలయంలో ఇంటర్ పాసైనవారికి ఏడాది పారా లీగల్ డిప్లొమా ఉంది. చేరే ముందు మీ కాలేజీ ఆఫీసులో ఒకసారి అడిగి, పరీక్షల తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకో. బీకాం తొలి ఏడాది మాత్రం మరే కోర్సూ పెట్టుకోవద్దు. జమాఖర్చులు చేతికి అలవాటు కాకుండా చట్టం మొదలుపెడితే రెండూ అరకొరగా మిగులుతాయి.

చదివేటప్పుడు పుస్తకంతోపాటు అసలు కాగితాన్ని కూడా చేతిలోకి తీసుకుని చూడు. మన తాతయ్య పెట్టెలో ఒక ప్రామిసరీ నోటు ఉండేది. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం, వెనక వైపు రెండు చెల్లులు (కొంత సొమ్ము కట్టినట్టు రాసిన రాతలు), రెండో చెల్లు కింద వేలిముద్ర. అలాంటి కాగితం కనపడితే ముందు అంకె కాదు, తేదీలు చూడాలి. చెల్లు మూడేళ్లలోపు పడిందా? దాని కింద సొమ్ము కట్టినవారి సంతకం ఉందా? తగిన స్టాంపు లేని నోటు కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు. మిగతా దస్తావేజుల్లా జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా దానికి లేదు. చెక్కు విషయంలోనూ తేదీలే ముఖ్యం. బ్యాంకు నుంచి చెక్కు వాపసు వచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందిన తరువాత 15 రోజులు ఆగాలి, అప్పటికీ చెల్లించకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు దాఖలు చెయ్యాలి. రొయ్యల మేత దగ్గర నుంచి గ్రానైట్ పలకల దాకా అప్పు మీద నడిచే మన ప్రాంతంలో, ఈ తేదీలను క్యాలెండరులో గుర్తు పెట్టుకుని యజమానికి ముందుగా చెప్పగల మనిషికి పని దొరక్కపోదు.

వేసవి సెలవుల్లో సివిల్ కేసులు చూసే న్యాయవాది ఆఫీసులో రెండు నెలలు కూర్చో. అక్కడి గుమాస్తా గారిని గౌరవంగా అడిగి, ఫైలు కట్టడం, వాయిదాల డైరీ రాయడం, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) చూసి లింకు దస్తావేజులు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, సరిపోల్చడం నేర్చుకో. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారా లీగల్ వలంటీర్లను పిలిచినప్పుడు దరఖాస్తు కూడా పెట్టు. అది ఉద్యోగం కాదు, ఇచ్చేది గౌరవ వేతనమే. కానీ లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలవారు ఎదురెదురుగా కూర్చుని ఒక అంకెకు ఎలా వస్తారో దగ్గర నుంచి చూస్తావు.

ఒక హద్దు మాత్రం దాటవద్దు. డిప్లొమా ఉన్నంత మాత్రాన కోర్టులో వాదించే హక్కు రాదు; న్యాయవాది ఇవ్వవలసిన సలహా నువ్వు ఇవ్వకూడదు, కక్షిదారు కాగితాల్లో చూసిన విషయం ఇంట్లో కూడా చెప్పకూడదు. ఉద్యోగ ప్రకటనల్లో పారా లీగల్ అన్న మాట అరుదుగానే కనిపిస్తుంది కనుక లీగల్ అసిస్టెంట్, డాక్యుమెంటేషన్, కాంప్లయన్స్ అన్న పేర్లతో వెతుకు. వాదించాలనే కోరిక పుడితే డిగ్రీ తరువాత లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు.

దసరాకు ఒంగోలు వచ్చేటప్పుడు నీ బిజినెస్ లా పుస్తకం తెచ్చుకో. ఆ నాలుగు లక్షల ఇరవై వేల ఖాతా ఉన్న పాత లెడ్జరు నకలు నా దగ్గరే ఉంది. సంతకం ఏ తేదీలోపు తీసుకోవలసిందో నువ్వే లెక్క కట్టి చూపిద్దువుగాని.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ మామయ్య