బ్రెయిన్ ఎంఆర్‌ఐ నార్మల్ అన్నారు, మళ్లీ పిట్యూటరీ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. ఎనిమిది నెలలుగా పీరియడ్స్ సరిగా రావడం లేదు, గర్భం లేకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయి. పాలు వచ్చేలా చేసే హార్మోను ప్రొలాక్టిన్ 168 ఉంది. తలనొప్పికని రెండు నెలల కిందట తీసిన బ్రెయిన్ ఎంఆర్‌ఐ నార్మల్. ఇప్పుడు డాక్టర్ కాంట్రాస్ట్ మందు ఎక్కించి పిట్యూటరీ ఎంఆర్‌ఐ తీయాలంటున్నారు. అవసరమా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు రిపోర్టులో 168 పక్కన ఏం రాసి ఉందో చూడండి. నానోగ్రాముల్లో అయితే చాలా ఎక్కువే, గర్భం లేని ఆడవాళ్లలో మామూలుగా 25 లోపు ఉంటుంది. అదే మిల్లీ యూనిట్లలో అయితే 168 నార్మల్! అప్పుడు లెక్కంతా మారిపోతుంది.

నానోగ్రాములే అయితే స్కాన్ అవసరమే. ప్రొలాక్టిన్‌ను తయారుచేసే పిట్యూటరీ శనగగింజంత గ్రంథి, మెదడు అడుగున చిన్న ఎముక గుంటలో ఉంటుంది. అందులో చిన్న గడ్డ ఉన్నా ప్రొలాక్టిన్ పెరగవచ్చు, స్కాన్‌లో వెతికేది దాన్నే. మామూలు బ్రెయిన్ ఎంఆర్‌ఐలో ఒక్కో పొర దాదాపు 5 మిల్లీమీటర్ల మందం, 4 మిల్లీమీటర్ల గడ్డ ఉంటే అందులో కలిసిపోయి కనిపించకుండా పోవచ్చు. పిట్యూటరీకి ప్రత్యేకంగా తీసేటప్పుడు ఆ గుంట ఒక్కదాన్నే 2, 3 మిల్లీమీటర్ల సన్నటి పొరలుగా చూస్తారు. ఇక కాంట్రాస్ట్ సంగతి. చేతి నరంలోకి గాడోలినియం అనే ఈ కాంట్రాస్ట్ మందు ఎక్కుతుండగానే కొన్ని సెకన్లకొకటి చొప్పున వరసగా ఫొటోలు తీస్తారు, మంచి గ్రంథి మందును వెంటనే పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది, గడ్డ కాస్త వెనకబడుతుంది కాబట్టి ఆ మొదటి ఒకటి రెండు నిమిషాల్లో తెల్లటి గ్రంథిలో ఓ మూల నల్లటి మచ్చలా తేలుతుంది. ఆ తర్వాత గడ్డ కూడా మందు పీల్చుకుంటుంది, తేడా చెరిగిపోతుంది. అందుకే స్కాన్ రోజు ప్రొలాక్టిన్ రిపోర్టు రేడియాలజిస్టుకు తప్పకుండా చూపించండి, దేనికోసం వెతకాలో ఆయనకు తెలియాలి.

అయితే స్కాన్‌కంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు, థైరాయిడ్ టెస్టు అయ్యాయా? వాంతులకిచ్చే డోంపెరిడోన్, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. కిడ్నీ సమస్య, పేస్‌మేకర్ లాంటివి ఉన్నా ముందే చెప్పాలి. ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఉండదు, శబ్దమే ఎక్కువ.

గడ్డ కనిపించినా హడలిపోకండి. 10 మిల్లీమీటర్ల లోపువి దాదాపుగా క్యాన్సర్ కావు, ప్రొలాక్టిన్ గడ్డలకైతే చాలావరకు కేబర్‌గోలిన్ మాత్రలతోనే హార్మోను తగ్గుతుంది, గడ్డా కుంచించుకుంటుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లలోనూ దాదాపు పది మందిలో ఒకరికి ఈ గ్రంథిలో చిన్న మచ్చ కనిపిస్తుంది కాబట్టి ఫిల్మ్ ఒక్కటే చూసి ఎవరేం చెప్పినా నమ్మకండి, రక్త పరీక్షలతో కలిపి ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టర్‌కు) చూపించండి. ఒకవేళ పక్కల నుంచి వచ్చే మనుషులు, వాహనాలు సరిగా కనిపించకపోయినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో వాంతులైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.