ప్లాస్టిక్ డబ్బా వద్దు, గ్రేడ్ మాత్రం కావాలంటే కుదురుతుందా?

మీరు అడిగినవి రెండు. మీ మోర్గాన్ డాలర్లకు (పాతకాలపు అమెరికా వెండి నాణేలు) గ్రేడ్ వేయించి, అంటే నాణెం ఎంత బాగుందో నిపుణులు చూసి అంకె వేశాక, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేయకుండా విడిగా వెనక్కి తీసుకుని ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చా అని ఒకటి. ఊళ్ళో తాతగారి పెట్టెలో ఉన్న నిజాం కాలపు వెండి రూపాయలు కూడా అమెరికా తెచ్చి ఇక్కడే గ్రేడ్ చేయించాలా అని ఇంకొకటి. నేను ఒహాయోలో ఉంటాను, పన్నెండేళ్ళుగా మోర్గాన్లు కొంటున్నాను. రెండు విషయాల్లోనూ నాకు అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను.

మీరు కోరుకుంటున్నది ఒకప్పుడు మామూలుగా జరిగేదే. అమెరికాలో నాణేలు సేకరించేవాళ్ళ సంఘం, అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాళ్ళు 1972లో ఏఎన్‌ఏసీఎస్ అని ఒక విభాగం పెట్టారు, అందరూ అనాక్స్ అంటారు. మొదట్లో నాణెం అసలుదా నకిలీదా అన్నంత వరకే చెప్పేవాళ్ళు, 1979 నుంచి గ్రేడ్ కూడా ఇచ్చారు. డబ్బా లేదు, నాణేనికి రెండు వైపులా తీసిన ఫోటోతో ఒక కాగితం వచ్చేది, అంతే. బొమ్మ వైపుకి ఒక గ్రేడ్, బొరుసు వైపుకి ఇంకో గ్రేడ్, ఎంఎస్ 63/65 అన్నట్టు. ఎంఎస్ అంటే మింట్ స్టేట్, చలామణిలో తిరగని నాణెం అని. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడాది ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చి గట్టి ప్లాస్టిక్‌లో సీల్ చేసి ఇవ్వడం మొదలుపెట్టాక కొనేవాళ్ళంతా అటు మళ్ళారు, అనాక్స్ కూడా తర్వాత డబ్బాలకే మారింది. ఇప్పుడు ఈ పెద్ద కంపెనీల నుంచి గ్రేడ్ అంటే సాధారణంగా డబ్బాతో కలిపే.

ఎందుకు మళ్ళారో నాకు ఒక కాయిన్ షోలో కళ్ళారా తెలిసింది. ఒకాయన పాత ఫోటో సర్టిఫికెట్‌తో సహా మోర్గాన్ అమ్మకానికి పెట్టాడు. కాగితం అసలుదే, దాని మీద 65 ఉంది, ధర కూడా దానికి తగ్గట్టే చెప్పాడు. భూతద్దం పెట్టి ఫోటోనీ నాణేన్నీ పక్కపక్కన చూస్తే, ఫోటోలో నాణెం మీది లిబర్టీ దేవత చెంప మీద కంటికి కాస్త కింద ఒక ఏటవాలు గాటు ఉంది, నా చేతిలో ఉన్నదానికి ఆ గాటు లేదు, మెడ దగ్గర ఇంకేదో దెబ్బ ఉంది. అదే సంవత్సరం, అదే మింట్ (టంకశాల), కానీ వేరే నాణెం. ఆయనకి తెలిసి చేశాడో, ఎవరో ఆయనకి అలాగే అంటగట్టారో చెప్పలేను. నేను కొనలేదు. కాగితం ఒక చోట, నాణెం ఒక చోట ఉన్నంత కాలం ఇది జరగడానికి ఆస్కారం ఉంటూనే ఉంటుంది.

ఇంకో సంగతి నా చేతుల మీదుగా జరిగింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. నాకూ మీలాగే నాణేలు ఆల్బమ్‌లో వరసగా చూసుకోవాలని కోరిక, అందుకని ఎంఎస్ 65 వచ్చిన 1881 శాన్‌ఫ్రాన్సిస్కో మింట్ డాలర్‌ని డబ్బా అంచులు ప్లయర్‌తో జాగ్రత్తగా విరిచి బయటికి తీశాను. ఆల్బమ్ ఇంకా రాలేదు కాబట్టి మధ్యలో పారదర్శకమైన ఫిల్మ్ ఉండే చిన్న అట్ట కవర్లో పెట్టి స్టేపుల్ చేశాను. వారం తర్వాత అట్ట విప్పుతుంటే పిన్ను జారి చెంప మీద సన్నటి గీత పడింది. గ్రేడ్ అంకెలు వేసే షెల్డన్ స్కేలు 1 నుంచి 70 దాకా ఉంటుంది కదా, 60 పైన ఉన్నవన్నీ చలామణిలో తిరగని నాణేలే, వాటి మధ్య తేడా అంతా ఇలాంటి గీతలూ దెబ్బలూ మెరుపూ చూసి వేసేదే. నా సొరుగులో ఉన్న లేబుల్ మీద ఇవాళ్టికీ 65 అనే ఉంది. నాణెం మాత్రం 65 కాదు. గ్రేడ్ అనేది చూసిన రోజున నాణెం ఎలా ఉందో చెప్పే మాట, డబ్బా ఆ రోజునాటి స్థితిని పట్టి ఉంచుతుంది.

అందుకని నా సలహా ఏమిటంటే, ఎప్పటికైనా అమ్మే ఆలోచన ఉంటే డబ్బాలోనే ఉంచండి, పిల్లలకి ఇచ్చేదైనా అంతే, ఎందుకంటే రేపు వాళ్ళకి దాని గురించి చెప్పడానికి మీరు పక్కన ఉండకపోవచ్చు. కేవలం మీ సంతోషానికైతే తీసెయ్యండి, తప్పేం లేదు, కానీ తీసే ముందు రెండు వైపులా, అంచుతో సహా, మంచి వెలుతురులో ఫోటోలు తీసి లేబుల్‌తో పాటు దాచండి. మెత్తటి పీవీసీ కవర్లు అసలు వాడొద్దు, కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది. ఆల్బమ్‌లో జరిపే ప్లాస్టిక్ పట్టీ చెంపకి రాసుకుంటే అక్కడ కూడా గీతలు పడతాయి, నెమ్మదిగా జరపాలి. అంచులు పట్టుకుని తప్ప ముట్టుకోకండి.

ఇక తాతగారి రూపాయలు. దయచేసి తేవద్దు. వందేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువులే, వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. వరంగల్‌లో మా పెద్దనాన్న దగ్గర చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు నాలుగున్నాయి. వాటిలో ఒకటి హిజ్రీ 1330 నాటిది, అంటే 1912 ప్రాంతం, చార్మినార్ గుమ్మంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని ఐన్ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. "నువ్వు పట్టుకెళ్ళి విలువ కట్టించురా" అని ఆయన రెండుసార్లు అడిగారు. చట్టం సంగతి చెప్పి, అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ తూచాను, సుమారు 11.2 గ్రాములు ఉండాలి, ఉన్నాయి. ఫోటోలు తీసి ఒక కాపీ ఆయనకిచ్చాను.

అందులో ఒకదాన్ని ఏటా దీపావళి లక్ష్మీపూజకి ముందు విభూతితో తోమేవాళ్ళట. తళతళలాడుతోంది, కానీ ముద్రించిన నాటి మెరుపు పోయింది, గ్రేడింగ్ వాళ్ళు చూస్తే తోమిన నాణెం అని రాసి అంకె ఇవ్వరు. మీ తాతగారివి ఇంకా ఎవరూ తోమకపోతే ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.