జాతరకు కెమెరా పట్టుకొస్తున్న మా అమ్మాయికి

తల్లీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఫ్రేమింగ్ నీకు బాగానే అబ్బింది, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. నచ్చనిది ఒకటే. మీ అవ్వను, అంటే మా అమ్మను, అంత తెల్లగా నేనెప్పుడూ చూళ్ళేదు! ముడతలు కూడా తుడిచేశావు. పెళ్ళి ఆల్బమ్‌లలో అందరి ముఖాలకూ ఒకే రంగు పూసి, అదే అందమని మనకు అలవాటు చేసేశారు. వాళ్ళంటే కస్టమర్ కోసం చేస్తారు. సరదాగా నేర్చుకునే నీకు ఆ టెన్షన్ ఎందుకు?

ఎడిటింగ్‌లో నువ్వు పడుతున్న అవస్థలో చాలావరకు తీసేటప్పుడు వెలుతురు చూసుకోకపోవడం వల్ల వచ్చిందే. వాకిలి దగ్గర కూర్చోబెట్టి తియ్యి. గడప మీద కూర్చోమంటే అవ్వ తిడుతుంది, రెండడుగులు లోపలికి పీట వెయ్యి. ట్యూబ్‌లైట్ ఆర్పెయ్. బయటి వెలుతురూ అదీ కలిస్తే ఒక చెంపది ఒక రంగు, ఇంకో చెంపది ఇంకో రంగు. దాన్ని తర్వాత సరిచేయడం నరకం. నీడ పడిన చెంప వైపు తెల్ల పంచె ఎవరినైనా పట్టుకోమను, చాలు. మీ హాల్లో ఆకుపచ్చ గోడకు దగ్గరగా మాత్రం వద్దు, ఆ రంగు ముఖానికి ఎక్కుతుంది.

ఫోన్‌తో మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దదిగా పడుతుంది. 2ఎక్స్ జూమ్ పెట్టి వెనక్కి జరుగు. కెమెరాకైతే నీ 50 ఎంఎం లెన్స్ చాలు. నీ కెమెరాలోని చిన్న సెన్సర్ (ఫొటో పడే చిప్) మీద అది 75, 80 ఎంఎం లాగా పనిచేస్తుంది, ముఖాలకు సరిగ్గా సరిపోతుంది. ఎఫ్ 1.8 (లెన్స్ పూర్తిగా తెరిచే సెట్టింగ్) ఉంది కదా అని ప్రతిదానికీ అదే పెట్టకు. దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మసగ్గా వస్తుంది. 2.8కీ 4కీ మధ్యలో ఉంచి, నీకు దగ్గరున్న కంటి మీద ఫోకస్ చెయ్యి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వస్తానన్నావు. ముఖాలు తీయడం నేర్చుకోవాలంటే మన తిరుపతిలో అంతకు మించిన అదును దొరకదు. అక్కడ మొక్కుకున్నవాళ్ళు బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లటి సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. ఈ మూడింటి దగ్గరా కెమెరా మూడు రకాలుగా బోల్తా పడుతుంది. ఎందుకంటే, వెలుతురు కొలిచే దాని మీటర్ ఎదురుగా ఏమున్నా మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేమ్ నిండా సుద్ద పూసిన ముఖం కనబడగానే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది, బైరాగి కాస్తా మాసిపోయినట్టు వస్తాడు. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను మనం పెంచి తగ్గించే సెట్టింగ్) ప్లస్ వైపు ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు రెండింతలయ్యేదాకా పెంచు. బొగ్గు ముఖానికి దీనికి ఉల్టా, మైనస్ వైపు పోవాలి. లేకపోతే ఆ నలుపు వెలిసిపోయి, చెమట మెరుపు కూడా కనబడదు. అసలు కష్టం కుంకుమతోనే. ఎరుపు ఛానల్ (ఫొటోలో ఎరుపు పాలు) ఒక్కటే నిండిపోయి, ముక్కూ చెంపా తేడా లేకుండా ముఖమంతా ఎర్ర అట్టముక్కలా పడుతుంది. హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుతురు పాళ్ళు చూపే గ్రాఫ్‌లో, ఎరుపు కుడి అంచుకు తగులుతోందంటే కొంచెం తగ్గించి ఇంకోటి తియ్యి. జాతర మొత్తం రా ఫైళ్ళలోనే (కెమెరా తన సవరణలు చేయకుండా దాచే ఫైళ్ళు) తియ్యి. తర్వాత కొంత వెనక్కి లాగొచ్చు, జేపెగ్‌లో పోయింది పోయినట్టే.

వేషం కట్టినవాళ్ళు మొక్కు మీద ఉంటారు. కెమెరా ఎత్తి చూపించు, తల ఊపితేనే తియ్యి. బూతులు తిట్టారని నొచ్చుకోకు, అది జాతర ఆనవాయితీ. గుండు చేయించుకుని గంధం పూసుకున్న చిన్న పిల్లకాయలు రోడ్డు మీద ముద్దుగా కనిపిస్తారు, వాళ్ళ అమ్మానాన్నలను అడక్కుండా తీయకు. కొండమీద గుడిలోకి కెమెరా, సెల్‌ఫోన్ ఏదీ పోనివ్వరు కాబట్టి ఆ ప్లాన్ పెట్టుకోవద్దు.

ఎడిటింగ్‌కు డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్లో స్నాప్‌సీడ్, కంప్యూటర్లో జింప్ రెండూ ఫ్రీయే. ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగు సరిచేయడం), తర్వాత వెలుతురు, ఆ తర్వాతే మచ్చల సంగతి. వైట్ బ్యాలెన్స్‌లో ఇదీ తెలుపని చూపడానికి పంచె మీద నొక్కుతావేమో, నీలిమందు పెట్టిన పంచె అయితే ముఖం పసుపెక్కుతుంది, చూసుకో. మొటిమ తీసెయ్, పుట్టుమచ్చ ఉంచు. వారానికి పోయేది తీయొచ్చు, ఎప్పటికీ ఉండేది తీయకూడదు, ఇది నా లెక్క. స్మూత్ చేసే బటన్ జోలికే పోవద్దు. రంగులు పెంచాలనిపిస్తే ముందు చర్మాన్ని చూడు, అది నారింజ వైపు తిరిగిందంటే ఎక్కువైనట్టే. రాత్రి చీకట్లో ఎడిట్ చేసినది పొద్దున్నే ఇంకోసారి చూడు, చీకట్లో స్క్రీన్ అబద్ధం చెబుతుంది. ప్రింట్ వేయిస్తే ఫోన్లో చూసినదానికంటే కొంచెం నల్లగానే వస్తుంది, అందుకని ముందు ఒక్కటే వేయించి చూసుకో.

జాతరకు వచ్చేలోపు ఇంట్లో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి తీసి, ఎడిట్ చేయనిదీ చేసినదీ రెండూ పంపు. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు. లేకపోతే అది సైజు తగ్గించేస్తుంది, ఇక నేనేం చూసి చెప్పేది?

ఆశీస్సులతో,
మీ పెదనాన్న
తిరుపతి