నడక పదాలు ఆన్‌లైన్‌లో బ్రౌన్ నిఘంటువులో రావట్లేదన్నారు కదా, ఇలా చూడండి

మీరు "నడిచాడు", "నడవడం" అని కొడుతున్నారు, పాప ఉగాది పోటీకి నడక పదాల లిస్టు రాద్దామంటే ఖాళీ పేజీ వస్తోంది అందుకే.

1. క్రియని మూలరూపంలోనే కొట్టాలి: నడుచు. రాకపోతే నడచు. బ్రౌన్‌ది 1852 నాటి నిఘంటువు, మనం మాట్లాడే రూపాలు అందులో విడిగా ఉండవు. అందరూ తప్పేది ఇక్కడే, మన బరంపురంలో పిల్లలకి బళ్ళో ఒడియా ఇంట్లో తెలుగు, ఇక ఇది చెప్పేదెవరు! ఆటో నడిపాడు అంటే నడుపు, పాకింది అంటే పాకు, తడబడ్డాడు అంటే తడబడు.

2. నామవాచకాలైతే ఉన్నదున్నట్టే కొట్టాలి: నడవ అంటే ఇంట్లో గదుల మధ్య దారి, నడత అంటే ప్రవర్తన, మందయాన అంటే మెల్లగా నడిచే ఆవిడ. జంఘాలుడు, మహా వేగంగా పోయేవాడు, పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలోనే ఉంది, పోటీలో ఇది ఎవరూ రాయరు.

3. నడమంత్రం మాత్రం లిస్టులోంచి తీసేయండి, అది నడక నుంచి కాదు, నడుమ (మధ్య) నుంచి వచ్చింది.